గౌరి చెవులు పట్టుకునే ఘట్టం

గౌరికి పదహారేండ్లు. ఆమె వేషం నేను పదమూడేండ్లు కట్టిన. ఆ పదమూడేండ్లల్ల నాకు లగ్గమైంది, ఇద్దరు పిల్లలైండ్రు, ముందటి పన్నొకటి ఊడితె మళ్ళ కట్టించుకున్న. గౌరికి మాత్రం పదిహేడు రాలే.

నా పేరు యాదమ్మ. ఆ పేరు పెట్టి పిలిచెటోళ్ళు మా ఇంట్ల తప్ప ఎక్కడ లేరు. వికారాబాద్ నుంచి తాండూరు దాకా ఏ టేషన్‌ల దిగినా "గౌరక్కా, బాగున్నవా" అనెటోళ్ళు. పోలీస్ యాక్షన్ అయిన ఏడాదికి మా వెంకోబ మాస్టర్ నాటకాల కంపెనీ పెట్టిండు. ఊరూరు తిరిగే ఓపిక ఆయనకు లేకుండె. రైలు పట్టాల మీద రెండే ఊర్లు చూసుకున్నడు. వానలు పోయినంక నాలుగు నెలలు తాండూరు, ఆ తర్వాత నాలుగు నెలలు వికారాబాద్. ఒక్క ఊర్ల అన్ని దినాలుంటె చూసినోళ్ళే మళ్ళ రావాలె. వచ్చినోళ్ళకు దినాం కొత్త ముచ్చట కావాలె. గౌరి పుట్టింది అందుకే.

మొన్న మా వాడకట్టు పిల్ల ఒకామె ఇంటికొచ్చింది. టీవీల వారం వారం వచ్చే నవ్వుల నాటకంల పెద్దోళ్ళకు ఎదురు మాట్లాడే పిల్ల వేషం దొరికిందట. "అమ్మమ్మా, మీరు అసువంటిదే చేసిండ్రంట గద, ఎట్ల చెయ్యాలె?" అనడిగింది. చాయ తాగుకుంట రెండు మాటలు చెప్పి పంపిన. ఆమె పోయినంక అనిపించింది, చెప్పాల్సింది చెప్పనే లేదని. అందుకే రాస్తున్న. సన్మానాలు, శాలువలు ఈ రాతల ఉండయి. అవి ట్రంకుపెట్టెల ఉన్నయి, చెదలు చూసుకుంటయి.

రొట్టె కొట్టుకుంట ఎదురు చెప్పుడు

మా పెద్ద నాటకంల దేవుళ్ళు కిరీటాలు మార్చుకునేటందుకు అరగంట పట్టేది. ఆ అరగంటల జనం లేచిపోకుండ మాస్టర్ ఒక ఇంటి ముచ్చట పెట్టిండు. పట్వారీ పాపయ్య ఇల్లు. పాపయ్య వేషం మాస్టర్‌దే. ఆయన పెండ్లాం వేషం మాస్టర్ వాళ్ళక్క కట్టేది. బిడ్డ గౌరి నేను. పక్కింటి దోస్తు ఖాతూన్. ఇల్లు అదే, మనుషులు వాళ్ళే, లొల్లి మాత్రం దినానికొకటి. ఆర్నెల్లు తిరగకముందే జనం ఈ అరగంట కోసమే రావట్టిండ్రు. రాముడు అడవికి పోతడని అందరికి ఎరుకనే. గౌరి ఇయ్యాల ఏం చేస్తదో ఎవరికెరుక?

మొదటి దినం నేను నడుము మీద చేతులు పెట్టుకొని, కండ్లు పెద్దగ చేసి, తండ్రికి ఎదురు చెప్పిన. ఒక్కడు నవ్వలే. ఒక ముసలాయన లేసి బీడీ తాగెటందుకు బయటికి పోయిండు. నేను లోపలికొచ్చి ఏడుస్తుంటె మాస్టర్ అన్నడు: "నడుము మీద చేతులు పెట్టుకున్న పిల్లను చూస్తె ఎవ్వనికైనా ఒకటి ఇయ్యాలనిపిస్తది. రేపటి నుంచి రొట్టె కొట్టుకుంట ఎదురు చెప్పు. పని చేసే పిల్లను ఎట్ల కొడ్తరు?"

తెల్లారి స్టేజి మీద పీట, జొన్నపిండి పెట్టిండ్రు. తండ్రి "ఇగ నీకు లగ్గం చేస్త" అంటడు. నేను తలెత్తకుండ రొట్టె కొడ్తున్న. "చెయ్యి నాయినా. రేపటి నుంచి రొట్టెలు నువ్వే కొట్టుకో." "నోరు లేస్తుందే." "నోరు లేస్తె ఏమాయె, చెయ్యి ఆగిందా?" ఒక్కొక్క మాటకు రొట్టె మీద ఒక్కొక్క దెబ్బ. డేరా మొత్తం నవ్వింది. బీడీ ముసలాయన ఆ దినం లేవలే.

ఎదురు మాట్లాడే పిల్ల వేషానికి ఇదే మొదటి పాఠం. చేతిల పని ఆగొద్దు. పని ఆపి ఎదురు చెప్తె అది కొట్లాట. పని చేసుకుంట చెప్తె అది న్యాయం. చూసెటోళ్ళకు ఈ తేడా వెంటనే తెలుస్తది.

రెండో పాఠం మాస్టర్ చెప్పింది కాదు, మా గేటు కాడ కూసునే హుస్సేన్ బీ చెప్పింది. నాకు ఇరవై దాటినంక వయసు కనపడుతదేమోనని భయమై, చిన్నపిల్ల లెక్క ముద్దు ముద్దుగ మాట్లాడుడు మొదలువెట్టిన. నాలుగు దినాలు చూసి హుస్సేన్ బీ తిట్టింది. "పాగల్ హువీ క్యా? పదహారేండ్ల పోరి నేను చిన్నదాన్ని అనుకుంటదా? ముప్పైయేండ్లదాన్ని అనుకుంటది. ఇంట్ల అందరి కంటె నాకే ఎక్కువ తెలుసు అనుకుంటది. అట్ల చెయ్." చదువుకోని మనిషి చెప్పిన మాట. దాని కంటె మంచి మాట నాకు ఆ తర్వాత ఎవ్వరు చెప్పలే.

ఇంకొకటి. గౌరి అబద్ధమాడదు. జామకాయలు దొంగతనం చేస్తది, అడగంగనే ఒప్పుకుంటది, ఒప్పుకొని ఇంకొకటి కొరుకుతది. అబద్ధమాడే పిల్లది తుంటరితనం కాదు, భయం. భయపడే పిల్లను చూస్తె నవ్వు రాదు.

ఖాతూన్

ఖాతూన్ వేషం సత్తెన్నది. నలభై ఏండ్ల మనిషి, దినాం రెండు సార్లు గడ్డం గీసుకునేటోడు. ఓణీ ఏసుకొని గోడ మీదికెక్కి "అరె గౌరీ" అంటె చాలు, ముందటి వరుసల పిల్లలు చప్పట్లు కొట్టెటోళ్ళు. గౌరి ఇంట్ల జరిగిందంత ఆ గోడ కాడ ఖాతూన్‌కు చెప్పేది. ఖాతూన్ తన ఇంట్ల ముచ్చట చెప్పేది. సగం తెలుగు, సగం దక్కని. ఇద్దరి ఇంట్ల తిట్లు ఒక్కటే, బాస వేరు.

ఒకసారి వికారాబాద్‌ల నవ్వు తగ్గుతున్నదని మాస్టర్‌కు పరేషాన్ అయింది. ఖాతూన్ తనకు చదువు రాదని గౌరికి ఒక్కదానికే చెప్పుకున్న ముచ్చట ఉండె. దాన్ని గౌరి నలుగురిల బయటపెట్టేటట్టు రాసిండు. నేను బయటపెట్టిన. నవ్వు రాలే. డేరాల చిన్నపిల్లలు సుత ఊకున్నరు. బయట హుస్సేన్ బీ రెండు దినాలు నాతోటి మాట్లాడలే. "నాటకమే గదా బీ" అంటె, "నాటకమే. గని దోస్తు గదా" అన్నది.

గౌరి తండ్రి మాట దాటినా జనం నవ్విండ్రు, మాఫ్ చేసిండ్రు. దోస్తును అల్క చేసి నవ్వులపాలు చేస్తె పదిహేను దినాలు మాఫ్ చెయ్యలే. మూడో వారం గౌరి పలక తీసుకొని గోడెక్కి ఖాతూన్‌కు అఆలు దిద్దించినంకనే మళ్ళ నవ్విండ్రు. మీరు అసువంటి వేషం చేస్తె ఇది యాదుంచుకోండి. పెద్దోళ్ళతోటి ఎంత కొట్లాడినా సరే, దోస్తు కాడ మాత్రం పిల్ల నమ్మకంగ ఉండాలె.

వెంటపడ్డోళ్ళు

గౌరికి మనసైనోళ్ళు మొత్తం ముగ్గురు. ఆమె తమ్మునికి ట్యూషన్ చెప్పే పంతులు, రైలు టికెట్లిచ్చే బాబు, బల్లిని చూస్తె వణికే పహిల్వాన్. మాస్టర్ ఒక్కొక్కణ్ణి ఏడాది రెండేండ్లు నడిపించిండు. టికెట్ బాబు కోసం గౌరి దినాం టేషన్‌కు పోయి "శంకర్‌పల్లికి ఎంత?" అనడిగి, టికెట్ తీసుకోకుండనే వచ్చేది. ఏడాదికి ఆ బాబు "నువ్వు ఎప్పుడు పోతవు మరి?" అనడిగిండు. "నువ్వు అడిగినంక పోదామనుకున్న, నువ్వు ఏడాది అడగలే, ఇగ పోబుద్ధయితలేదు" అన్నది గౌరి. అంతే, ఆ ముచ్చట ముగిసింది. ఆడోళ్ళు మస్తు నవ్విండ్రు, మగోళ్ళు కొంచెం తక్కువ నవ్విండ్రు.

మాస్టర్ లెక్క ఒకటుండె. పోరగాడు గౌరి కంటె తెలివిగల్లోడైతె నవ్వు పోతది. మరీ తెలివితక్కువోడైతె గౌరి విలువ పోతది. ఇష్టపడ్డది గౌరే, వద్దనుకున్నది గౌరే. ఆమెను ఎవ్వరు వదిలిపెట్టి పోలే.

దౌల్తాబాద్ దిక్కు నుంచి ఒకాయన తల్లిని తీసుకొని, కొబ్బరికాయ, బెల్లం పట్టుకొని సంబంధం అడగనీకె వచ్చిండు. అప్పుడు నేను డేరా ఎనుక పెద్దోనికి అన్నం తినిపిస్తున్న, కడుపుల చిన్నోడు ఉన్నడు. ఆ తల్లి నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "ఈమెనా?" అన్నది. "ఈమెనే" అన్నడు సత్తెన్న. కొబ్బరికాయ మా ఆయన చేతిల పెట్టి పోయిండ్రు. ఆ దినం మేము మస్తు నవ్వుకున్నం. గని నాకు ఒకటి తెలిసింది. జనానికి ఇష్టమైంది గౌరి, నేను కాదు. ఇది తెలుసుకుంటె తల తిరగదు. ఇంకో దిక్కు నుంచి చూస్తె, గౌరి ఏం చేసినా జనం ఆమె మాటే నమ్ముతరు. అది బరువు. ఆ బరువు నాకు అప్పుడు తెల్వదు.

పగటి చెవులు, మాపటి చెవులు

మాస్టర్‌ది ఒక గట్టి కాయిదా. ముచ్చట ముగిసేటప్పుడు గౌరి రెండు చెవులు పట్టుకొని "తప్పైంది నాయినా" అనాలె. అప్పుడే తెర పడాలె. "అరగంట గౌరి ఇష్టం, ఆఖరి నిమిషం తండ్రి ఇష్టం" అనెటోడు. "ఇంటిల్లిపాదిని తోలుకొచ్చేది తండ్రులు. వాళ్ళు ఇంటికి పోయేటప్పుడు మెడ ఎత్తుకొని పోవాలె. లేకుంటె రేపు తోలుకరారు."

శుక్రవారం పగటి ఆట మాత్రం ఒక్క ఆడోళ్ళకే. హుస్సేన్ బీ యాపకట్టె పట్టుకొని గేటు కాడ కూసునేది. మీసం మొలుస్తున్నదని అనుమానం వచ్చినా చాలు, ఎంత పెద్దింటి పిలగాడైనా బయటికే. స్టేజి మీద మగోళ్ళుండొచ్చు, కింద ఉండొద్దు.

రెండో ఏడు, వికారాబాద్‌ల, ఒక శుక్రవారం. ఆ దినం లొల్లి ఏందంటె గౌరి, ఖాతూన్ ఇద్దరు ఇంట్ల చెప్పకుండ అనంతగిరి జాతరకు పోయొచ్చిండ్రు. తండ్రి తిట్టిండు. నేను చెవుల దాకా చేతులు లేపిన. చాపల మీది నుంచి ఒక ముసలామె లేచింది. "ఎందుకు పట్టుకుంటవే? ఏం తప్పు చేసినవ్? జాతరకు పోయినవ్, అంతే గదా." ఇంకో మూల నుంచి "పట్టుకోకు పట్టుకోకు" అన్నరు. నా చేతులు గాలిల ఆగినయి. మాస్టర్ నా దిక్కు చూసిండు, ఆడోళ్ళ దిక్కు చూసిండు. పాత మనిషి, గడుసోడు. మెల్లగ తన చెవులు తనే పట్టుకొని గుంజీలు తియ్యవట్టిండు. మూడో గుంజీకి మోకాలు టప్పుమన్నది. నవ్వీ నవ్వీ ఆ ముసలామె ఆయాసపడుతుంటె విసనకర్రతోటి విసిరిండ్రు.

ఆ దినం నుంచి మా ముచ్చటకు ముగింపులు రెండు. పగటి ఆటల తండ్రి చెవులు, మాపటి ఆటల బిడ్డ చెవులు. నమ్ముతరో లేదో, రెండు ఊర్ల మగోళ్ళకు ఈ సంగతి అయిదేండ్లు తెల్వదు. ఒక్క ఆడిది ఇంట్ల చెప్పలే. నేను హుస్సేన్ బీని అడిగిన, ఇన్ని ఇండ్లల్ల ఒక్కరు సుత నోరు జారలేదా అని. "యే పర్దేకె అందర్‌కి బాత్ హై" అన్నది. పర్దా లోపలి మాట పర్దా లోపల్నే.

నీలమ్మ

తాండూరుల మా డేరా బసప్ప సావుకారు పప్పు పట్టే గిర్ని పక్కన ఏసెటోళ్ళం. కందులు ఎండబోసే జాగ అది. ఆయన చెడ్డోడు కాదు. బావి నీళ్ళు తోడుకోనిచ్చిండు, పండుగకు పప్పు పంపేటోడు, మాపటి ఆటకు ముందటి కుర్చీల కూసొని కండ్లల్ల నీళ్ళొచ్చేదాకా నవ్వెటోడు. వాళ్ళింట్ల కన్నడం, గిర్నిల తెలుగు; పిల్లలు నాయినను అప్పా అనెటోళ్ళు. ఆయన బిడ్డ నీలమ్మకు పదమూడేండ్లు.

నీలమ్మ శుక్రవారం ఆట ఒక్కటి ఇడిచిపెట్టలే. ఆట అయినంక డేరా ఎనుకకు వచ్చి నా పక్కన కూసునేది. జొన్నపిండి కండ్లల్ల పడదా, సత్తెన్న నిజంగ మగోడేనా, అన్ని అడిగేది. నా తోటి మాట్లాడెటప్పుడు నోరు గలగల. సావుకారు గిర్ని గేటు కాడ కనపడంగనే మూగది అయ్యేది.

అప్పట్ల తాండూరుల ఆడపిల్లల బడి ఏడో తరగతి కాడ ఆగేది. పైకి చదవాలంటె రైలెక్కి వికారాబాద్ పోవాలె. పోస్టుమాస్టర్ బిడ్డ పోతున్నది, ఆమె తోటి పోత అని నీలమ్మ ఆశ. ఏడు పాసైంది, తండ్రి "చాలు" అన్నడు. అంతే, ఒక్క మాట.

ఒక శుక్రవారం నా కొంగు పట్టుకొని అన్నది: "అక్కా, అప్పా ముందల నాకు నోరు రాదు. గౌరి ఏమన్నా అప్పా నవ్వుతడు. ఇంటికొచ్చి సుత గౌరి మాటలు చెప్పుకుంట నవ్వుతడు. ఆదివారం మాపటి ఆటకు మమ్ముల అందరిని తోలుకొస్తడు. ఆ దినం గౌరి రైలెక్కి బడికి పోత అనాలె. ఆఖరికి పగటి ఆటల లెక్క వాళ్ళ నాయినే చెవులు పట్టుకోవాలె. ఒక్కసారి అప్పా అది చూస్తె చాలు."

పదమూడేండ్ల పిల్ల. ఎంత ఆలోచన చేసిందో చూడండి. కొట్లాడలే, ఏడవలే, తిండి బందు పెట్టలే. నవ్వే మనిషిని నవ్వుతున్నప్పుడే పట్టుకోవాలె అనుకున్నది. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, నేను చూస్కుంట" అన్న.

మాస్టర్‌కు చెప్పిన. రైలు, బడి ముచ్చట ఆయనకు మస్తు నచ్చింది, అప్పటికప్పుడు రాసుడు షురూ చేసిండు. చెవుల మాట ఎత్తంగనే కలం ఆపిండు.

"మాపటి ఆటల నేను చెవులు పట్టుకుంటె ముందటి కుర్చీలోళ్ళు ఊకుంటరా? డేరా ఏసిన జాగ ఎవరిది యాదమ్మా?"

"ఆ పిల్లకు మాటిచ్చిన మాస్టర్."

ఆయన కలం మూత పెట్టిండు. తర్వాత అన్నడు: "నేనైతె వద్దంటున్న. గని స్టేజి మీదికి పోయినంక చెవులు నీయి, చేతులు నీయి. నువ్వు పట్టుకోకుంటె నేనేం చెయ్యాలెనో నాకు ఎరుకే."

ఆదివారం

ఆ దినం ముచ్చట మంచిగ సాగింది. పదమూడేండ్లల్ల అంత మంచిగ సాగిన ఆటలు పది కంటె ఎక్కువ లేవు. గౌరి రొట్టె కొడ్తున్నది. తండ్రి పక్కన కూసొని హుక్కా గుంజుతున్నడు.

"రైలెక్కి బడికి పోయి ఏం చేస్తవే?"

"నువ్వు దినాం కచేరికి పోయి ఏం చేస్తవ్ నాయినా?"

"సంతకాలు చేస్త."

"ఒక్క సంతకం నేర్చుకోనీకె నీకు ఎన్నేండ్లు పట్టింది?"

"మూడేండ్లు."

"నీకే మూడేండ్లు పడితె, నీ బిడ్డను గద, నాకు ఆరు పడ్తయ్. ఇయ్యాలనే పోవాలె."

అందరి కంటె గట్టిగ నవ్వింది బసప్ప సావుకారే. తొడ మీద చరుచుకుంట నవ్వుతున్నడు. ఎడమ దిక్కు చాపల మీద ఆడోళ్ళల్ల నీలమ్మ కూసున్నది. గ్యాసుబత్తి ఎలుగు ఆమె మొకం మీద పడుతున్నది. ఆమె నా దిక్కు చూస్తలేదు. తండ్రిని చూస్తున్నది, ఆయన ఒక్కొక్క నవ్వు లెక్కపెట్టుకుంటున్నట్టు.

మాస్టర్ హుక్కా పక్కకు పెట్టి ఆఖరి మాట అన్నడు. "ఇగ చాలు. ఏమంటవ్ బిడ్డా?"

ఆ మాట కాడ దినాం ఒక్క ఊపిరి ఆగుతడు. ఆ దినం నాలుగు ఊపిర్లు ఆగిండు. నాకు యాళ్ళ ఇచ్చిండు. నేను పిండి చేతులతోటి లేచి నిలవడ్డ. సావుకారు ముందటికి వంగి చూస్తున్నడు. ఆయన ఎనుక గిర్ని గోడ కనపడుతున్నది. డేరా పీకుమంటె ముప్పై మందిమి, పిల్లలు, ముసలోళ్ళు, చలిల ఏడికి పోవాలె అని ఒక ఆలోచన వచ్చింది. అది నిజమే. గని అది ఒక్కటే కాదు. ఏడేండ్ల అలవాటు ఉన్నది. చెవులు పట్టుకుంటె వచ్చే చప్పట్లు నాకు తెలుసు. పట్టుకోకుంటె ఏమొస్తదో తెల్వదు.

పట్టుకున్న. "తప్పైంది నాయినా."

డేరా దద్దరిల్లింది. సావుకారు లేచి నిలవడి చప్పట్లు కొట్టిండు. అప్పుడు నీలమ్మ తల తిప్పి నా దిక్కు చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. ఊకె చూసింది. తెర పడినంక నాకు సిగ్గయింది. ఇప్పుడు రాస్తుంటె సుత సిగ్గయితున్నది.

రెండు దినాలు ఓర్చుకొని మూడో దినం గిర్నికి పోయిన, సావుకారుకు నేనే చెప్దామని. ఆయన నన్ను చూసి కుర్చీ ఏయించిండు, చాయ తెప్పించిండు. నేను నోరు తెరవకముందే ఆయనే అన్నడు: "నీ పుణ్యమా అని మా ఇంట్ల లొల్లి తీరిందమ్మ. మా పిల్ల రైలెక్కి బడికి పోత అని పట్టుపట్టి ఉండె. గౌరంత గౌరే చెవులు పట్టుకుంది, నువ్వెంతనే అన్న. ఒక్క మాట మాట్లాడలే. మారిపోయింది. నీ నోట్ల మహిమ ఉన్నది తల్లీ."

నేను చాయ తాగిన. తాగి లేచొచ్చిన. ఆదివారం కంటె ఆ చాయ కాడ చేసిందే పెద్ద తప్పు. అక్కడ డేరా లేదు, చప్పట్లు లేవు, ఒక్క మనిషి ముందర ఒక్క మాట చెప్పేది ఉండె.

ఒకటి తెలుసుకోండి. ఆ రైలు ముచ్చట మేము ఎయ్యకనే పోతె ఆ పిల్లకు ఇంకో దారి దొరుకుతుండెనేమో. ఏసి, ఆఖరికి వంగినం. ఆమె మాటను ఆమె తండ్రి ముందర మేమే ఓడగొట్టినం. సగం ధైర్యం చేసుడు కంటె ఊకె ఇంట్ల కూసునుడు మేలు.

ఆ శుక్రవారం నీలమ్మ రాలే. తర్వాత ఎప్పుడు రాలే. నెలకు వాళ్ళమ్మ హుస్సేన్ బీకి చెప్పింది, పిల్లకు లగ్గం కుదిరిందని.

తాండూరుల ఆఖరి మాపటి ఆట దినం నేను చెవులు పట్టుకోలే. మాస్టర్ "ఏమంటవ్ బిడ్డా" అన్నడు, నేను రొట్టెపీట కాడ కూసొని ఇంకో రొట్టె కొట్టుడు మొదలువెట్టిన. ఆయన చూసి, చూసి, తన చెవులు పట్టుకున్నడు. ముందటి కుర్చీలోళ్ళు ఒక్క నిమిషం నోరు తెరిచిండ్రు, తర్వాత వాళ్ళు సుత నవ్విండ్రు. ఒక్కడు లేచి పోలే. ఏడేండ్లు మేము ఉత్తగనే భయపడ్డం. సావుకారు ఆ దినం రాలే, లగ్గం బట్టలు తేనీకె యాద్గిర్ పోయిండట.

లోపలికొచ్చినంక మాస్టర్ పెట్టుడు మీసాలు పీకుకుంట అన్నడు: "చేసేదుంటె ఆదివారమే చెయ్యాలె యాదమ్మా. ఇయ్యాల ఎవరి కోసం చేసినవ్?"

ఆ మాటకు ఆయన మీద కోపమొచ్చింది. ఆయన చెప్పింది నిజమే కాబట్టి ఎక్కువ కోపమొచ్చింది. మిగిలిన ఆరేండ్లు గౌరి ఎక్కడ చెవులు పట్టుకోలే.

వికారాబాద్ టేషన్

కంపెనీ బందైన ఏడు, సామాన్లు అమ్మే పని మీద నేను వికారాబాద్‌ల బండి కోసం కూసున్న. మూడో జాము గడిచింది, ఎండ తిరిగింది. ఆడోళ్ళు కూసునే గదిల ఒక మూలకు ఒకామె రవికె కుట్టుకుంట కూసున్నది. పక్కన ఇంకా నాలుగు రవికె గుడ్డలు మడిచి ఉన్నయి. నన్ను చూసి, "గౌరక్కా" అన్నది. గొంతు గుర్తుపట్టిన. మొకం తర్వాత గుర్తుపట్టిన.

"నీలమ్మా, ఏడికి పోతున్నవే?"

"ఏడికి లేదు. పొద్దుగాల బండికి వచ్చిన, మాపటి బండికి తాండూరు పోత. నా ఆడబిడ్డ ఈడ తొమ్మిది చదువుతున్నది. పిల్ల ఒక్కతి రైల్ల పోవుడు ఏందన్నరు మా అత్తగారింట్ల. నేను తోడు పోత అన్న. దినాం వస్త. ఈడ్నే కూసుంట. బడి ఇడిచినంక తీస్కపోత."

"దినామా?"

"రెండేండ్లయింది. కుట్టుపని సుత నేర్చుకున్న."

ఎన్నేండ్ల నుంచో మోస్తున్న మాట బయటికొచ్చింది. "నీలమ్మా, ఆ ఆదివారం నేను తప్పు చేసిన. నీకు మాటిచ్చి తప్పిన. మీ నాయిన నాతోటి అన్నడు, నువ్వు మారిపోయినవని. నా వల్లనే నువ్వు పట్టు ఇడిచినవని అప్పటి నుంచి కుములుతున్న."

నీలమ్మ సూదిల దారం ఎక్కించుకున్నది. తలెత్తలే, కుట్టు ఆపలే. మెల్లగనే అన్నది.

"మా అప్పా అందరికి అట్లనే చెప్పుకున్నడు. నేను ఏం ఇడవలే అక్కా. నన్ను పోనియ్యలే, అంతే. చెవులు పట్టుకున్నది నువ్వు, నేను కాదు."

జారిన ఒక రవికె గుడ్డ తీసి, మళ్ళ మడిచి ఆమె పక్కన పెట్టిన. బడి ఇడిచిండ్రు, రెండు జడల పిల్ల పుస్తకాల సంచి ఊపుకుంట వచ్చింది. నీలమ్మ పంటితోటి దారం తెంపి, రవికె మడతపెట్టి, పిల్ల చెయ్యి పట్టుకొని తాండూరు బండి దిక్కు నడిచింది.